ప్రభువు చిత్తం ఎలా తెలుసుకోవాలి? పెళ్ళి, ఉద్యోగం, అప్పు ముందుకొచ్చినప్పుడు ఒక్కో అడుగు

"ప్రార్థన చేస్తున్నామండీ, ప్రభువు చిత్తం ఎలా ఉందో చూడాలి." నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో విశ్వాసుల ఇళ్ళల్లో ఈ మాట వినపడని వారం ఉండదు. సంబంధం వచ్చినా, కువైట్ వీసా వచ్చినా, పొలం బేరానికొచ్చినా ఇదే మాట. సంబంధం నచ్చక, ఆ సంగతి మొహం మీద చెప్పలేనప్పుడు కూడా ఇదే అంటాం, అది వేరే కథ. నిజంగానే ప్రార్థన చేసేవాళ్ళకు కూడా మోకాళ్ళ మీద నుంచి లేచాక ఏం చెయ్యాలో తెలియదు. ఎవరిని అడగాలి, ఏం చూడాలి, ఎన్నాళ్ళు ఆగాలి, జవాబు వచ్చిందని ఎలా గుర్తుపట్టాలి?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మనలో చాలామందిమి నిర్ణయం ఇంట్లోనే రాసేసుకుని, కింద దేవుడి సంతకం కోసం మందిరానికి వెళ్తున్నాం. కాగితం ఖాళీగా ఉండగానే వెళ్తే సగం చిక్కు విడిపోతుంది.

చేతిలో ఒక ఉదాహరణ ఉంటే మాట తేలిగ్గా అర్థమవుతుంది. విడవలూరు వైపు ఒక కుర్రాడు ఉన్నాడనుకుందాం. ఆరెకరాల రొయ్యల చెరువు కౌలుకు వచ్చింది. చిట్టీ పాడితే కొంత డబ్బు వస్తుంది, మిగతాది అప్పు చెయ్యాలి. ఇంకోపక్క శ్రీసిటీ పారిశ్రామికవాడలో ఒక కంపెనీ ఉద్యోగానికి రమ్మంటోంది, జీతం తక్కువే గానీ నెలనెలా చేతికొస్తుంది. ఇంట్లో చెల్లెలు పెళ్ళికి ఉంది. ఇప్పుడు ఇతను ఏం చెయ్యాలి?

మొదటి అడుగు: దేవుడు ఇదివరకే చెప్పినవాటిని పక్కకు తియ్యండి

కొన్నింటికి ప్రార్థనలో జవాబు వెతకక్కర్లేదు, వాక్యంలోనే ఉంది. ఉద్యోగం కోసం లంచం ఇవ్వాలా, దొంగ సర్టిఫికెట్ పెట్టాలా అన్నదాని మీద ఉపవాసం ఉండి లాభం లేదు. కట్నం ఎంత అడగాలో ప్రభువు చిత్తం తెలుసుకుంటున్నామనే కుటుంబాలు కూడా ఉన్నాయి. సంబంధాల విషయంలో అయితే ప్రార్థనకంటే ముందే కులం వడపోత అయిపోతుంది, మిగిలిన ఇద్దరు ముగ్గురి మీద మాత్రం ప్రభువును అడుగుతాం. క్రీస్తునందు అందరూ ఒక్కటే అని గలతీయులకు 3:28లో చదివినవాళ్ళం, ఆ వడపోత గురించి కూడా ఆయన్ను ఒక మాట అడగాలి కదా.

దేవుని చిత్తం ఏమిటో బైబిలు సూటిగా చెప్పిన చోట్లు చూస్తే ఆశ్చర్యమేస్తుంది. 1 థెస్సలొనీకయులకు 4:3లో పరిశుద్ధంగా ఉండటం, 5:18లో ప్రతి విషయంలో కృతజ్ఞతాస్తుతులు చెల్లించడం. ఏ ఊళ్ళో ఉద్యోగం, ఏ కంపెనీ అన్న ఊసే లేదు. విధవరాలు మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చా అన్న ప్రశ్నకు పౌలు 1 కొరింథీయులకు 7:39లో ఇచ్చిన జవాబు మరీ సాదాగా ఉంటుంది: ఇష్టమైనవాణ్ణి చేసుకోవచ్చు, ప్రభువునందు మాత్రమే. అంటే గీత గీసి, లోపల స్వేచ్ఛ ఇచ్చాడు. ఆ గీత లోపల రెండు దారులూ మంచివే కావచ్చు. ఒక్కటే దారి ఉంది, అది తప్పితే జీవితమంతా పోయినట్టే అనే భయం పెట్టుకుని పిల్లలు టెన్షన్ పడుతుంటారు. ఆ భయాన్ని వాక్యం పెట్టలేదు.

మన కుర్రాడి విషయంలో చెరువు పాపం కాదు, ఉద్యోగమూ పాపం కాదు. కానీ అప్పుకు స్నేహితుడి చేత హామీ సంతకం పెట్టిద్దామని చూస్తున్నాడు. సామెతలు 22:26 అప్పులకు పూటబడవద్దంటోంది. తనను ఎవరైనా అడిగితే ఏమనుకుంటాడో, స్నేహితుణ్ణి అందులోకి లాగేముందు అదే అనుకోవాలి. ఉద్యోగమా చెరువా అన్నది ఇంకా తేలలేదు గానీ, ఈ ముక్క మాత్రం తేలిపోయింది.

రెండో అడుగు: మీకేం కావాలో ముందు దేవుడికి చెప్పండి

"ప్రభువా, నా ఇష్టం ఏమీ లేదు, అంతా నీ చిత్తమే" అనడం మన ప్రార్థనల్లో అలవాటు. చాలాసార్లు అది నిజం కాదు. గెత్సేమనేలో యేసు ప్రభువు కూడా అలా మొదలుపెట్టలేదు. ఈ గిన్నె, అంటే రాబోయే శ్రమ, నా యొద్దనుండి తొలగిపోనిమ్మని ముందు తన కోరిక చెప్పి, ఆ తర్వాతే "నా యిష్టప్రకారము కాదు నీ చిత్తప్రకారమే కానిమ్ము" అన్నాడు. వరస గమనించండి.

ఒక నోటుబుక్కు తీసుకోండి. తలుపేసుకుని, ఎవరికీ చూపించనన్నట్టు రాయండి. మన కుర్రాడు నిజాయితీగా రాస్తే ఇలా ఉంటుంది: "చెరువే కావాలి. బావ రెండు పంటల్లో కారు కొన్నాడు. ఒకరి కింద పనిచెయ్యడం నాకు ఇష్టం లేదు. శ్రీసిటీ పోతే ఊళ్ళో చిన్నతనం. నువ్వు వద్దంటే మానేస్తానో లేదో నాకే తెలియదు." ఈ చివరి వాక్యం దగ్గర ఆగి అక్కడి నుంచి ప్రార్థన మొదలుపెట్టాలి. చెరువు ఇవ్వు అనో వద్దు అనో అడిగేముందు, నువ్వు వద్దంటే మానేసే మనసివ్వమని అడగాలి. ఆయన చిత్తం చొప్పున చెయ్యడానికి నిశ్చయించుకున్నవాడికే తెలుస్తుందని యోహాను 7:17. చేస్తానో లేదో తర్వాత చూస్తా, ముందు నువ్వు చెప్పు అనేవాడికి తెలుస్తుందని ఎక్కడా లేదు.

దీనికి రోజూ ఒకే వేళ పెట్టుకుంటే మంచిది. తెల్లవారుజామున ఇల్లు లేవకముందు అయితే ఫోన్ గోల ఉండదు. ఉపవాసం ఉండేవాళ్ళు శుక్రవారం ఉండండి, కానీ షుగరు మందులు వేసుకునేవాళ్ళు డాక్టర్ని అడిగి ఉండండి. తిండి మానినంత మాత్రాన దేవుడు త్వరగా మాట్లాడతాడని లేదు. ఉపవాసంతో మన గోల కాస్త తగ్గుతుంది, అంతే.

మూడో అడుగు: వాక్యాన్ని వరసగా చదవండి

డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో, ఏడాదికి ఒక వచనం అని వాగ్దాన కార్డు తీస్తాం. ఒకాయనకు యెహోషువ 1:3 వచ్చిందనుకోండి: "మీరు అడుగుపెట్టు ప్రతి స్థలమును మీకిచ్చుచున్నాను." సంక్రాంతి కల్లా హైవే పక్కన వెంచర్లో ప్లాటుకు అడ్వాన్స్ ఇచ్చేస్తాడు. ఆ మాట దేవుడు ఎవరితో, ఏ సందర్భంలో అన్నాడో చూడడు. కార్డు తియ్యడం తప్పనను, ఏడాదంతా ఒక మాటను ధ్యానించడం మంచిదే. దాన్ని రిజిస్ట్రేషన్ కాగితం చేసుకోవడమే చిక్కు.

అదే యెహోషువ గ్రంథాన్ని ఆ ప్లాటాయన 9వ అధ్యాయం దాకా చదివి ఉంటే బాగుండేది. దగ్గర్లోనే ఉండే గిబియోనీయులు పాతబడిన చెప్పులు, చినిగిన సిద్దెలు (తోలు తిత్తులు), బూజుపట్టిన రొట్టె తెచ్చి, మేం చాలా దూరం నుంచి వచ్చామన్నారు. ఇశ్రాయేలు పెద్దలు ఆ రొట్టె చూశారు, నమ్మారు, ఒప్పందం చేసుకున్నారు. ఎక్కడ తప్పారో 14వ వచనం ఒక్క ముక్కలో చెబుతుంది: యెహోవా దగ్గర సెలవు పొందలేదు. కళ్ళకు కనపడిన సాక్ష్యం పక్కాగా ఉంది, అడగడం మర్చిపోయారు. ప్లాటు బేరాల్లో మనకు చూపించే బ్రోచర్లు ఆ బూజుపట్టిన రొట్టె కంటే నమ్మకంగా ఏమీ ఉండవు.

బైబిలు మూసి తెరిచి, వేలు పడిన వచనాన్ని జవాబు అనుకునే పద్ధతి మానెయ్యండి. ఎటు చదవాలో తెలియకపోతే సామెతలు రోజుకొక అధ్యాయం, 31 అధ్యాయాలు, నెల రోజులకు సరిపోతాయి. డబ్బు, స్నేహాలు, అప్పు, పెళ్ళి, కోపం, అన్నీ ఉన్నాయి అందులో. దాంతోపాటు ఒక సువార్త. మీ విషయానికి తగిలిన వచనం కనపడితే నోటుబుక్కులో రాసుకోండి. మీకిష్టమైన దారికి అడ్డం వచ్చే వచనాలు కూడా రాయాలి, అవే ఎక్కువ పనికొస్తాయి.

నాలుగో అడుగు: వివరాలు కనుక్కోండి

ఇక్కడే మన విశ్వాసులు ఎక్కువగా జారిపోతారు. వివరం అడిగితే విశ్వాసం లేదంటారేమోనని భయం. పారసీక రాజు కొలువులో ఉన్న నెహెమ్యాను చూడండి. కిస్లేవు నెలలో యెరూషలేము గోడలు కూలిన సంగతి విని ఏడ్చి, నీసాను నెల దాకా, అంటే సుమారు నాలుగు నెలలు ప్రార్థించాడు. రాజు ముందు నోరు తెరిచేసరికి ఎన్నాళ్ళు పడుతుంది, ఏ అధికారులకు తాకీదులు కావాలి, మ్రానులు ఎవరి దగ్గర తీసుకోవాలి, అన్నీ నాలిక చివర ఉన్నాయి. యెరూషలేము చేరాక రాత్రిపూట ఎవరికీ చెప్పకుండా పోయి, పడిపోయిన గోడలు తన కళ్ళతో చూసుకున్నాడు. ఆ తర్వాతే కట్టుదాం రండి అన్నాడు. గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని లూకా 14:28లో ప్రభువే అడిగాడు.

మన కుర్రాడు ఆ చెరువు గట్టు మీదకు స్వయంగా పోవాలి. నిరుడు ఆ చెరువులో పంట ఏమైంది? తెల్లమచ్చ రోగం వచ్చిందా? కౌలుదారు ఎందుకు వదిలేశాడు? పక్క చెరువుల నీళ్ళు ఏ కాలవలోకి వదులుతారు, మన నీళ్ళు ఏ కాలవలోంచి తోడుకోవాలి? రెండూ ఒకటే అయితే పక్కవాడి రోగం మన చెరువులోకి వచ్చినట్టే. ఏరియేటర్లకు కరెంటు బిల్లు, కరెంటు పోతే జనరేటర్ డీజిల్. వనామి రకం రొయ్య పంట చేతికి రావడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది, అన్నాళ్ళు మేత అప్పు మీద తెస్తే షాపువాడు ఏ రేటు వేస్తాడు, సరుకు ఆయనకే అమ్మాలని షరతు ఉందా? కౌంటు ధర, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్నిబట్టి కట్టే రేటు, ఇక్కడి వాళ్ళ చేతిలో లేదు, అమెరికా సుంకం పెంచితే అల్లూరు చెరువు గట్టు మీద రేటు పడిపోతుంది. ఒక పంట పూర్తిగా పోతే ఎంత బాకీ మిగులుతుంది? ఆ అంకె నోటుబుక్కులో రాసి, దాని పక్కన చెల్లెలి పెళ్ళి ఖర్చు రాయాలి.

ఇంత వెతుకులాట అక్కర్లేదు, దేవుడు చూసుకుంటాడు అనేవాళ్ళుంటారు. మీకు జ్ఞానం కొదువగా ఉంటే అడగండి, ధారాళంగా ఇస్తానని యాకోబు 1:5లో ఆయన మాటిచ్చాడు. ఇచ్చిన జ్ఞానంతో చెయ్యాల్సింది ఈ లెక్కే కదా.

ఉద్యోగానికైనా ఇంతే. షిఫ్టులు ఎలా ఉంటాయి, ఆదివారం సెలవు ఉందా, పీఎఫ్ కడతారా, అక్కడ ఉండటానికి గది, వెళ్ళడానికి చర్చి ఉన్నాయా. సంబంధమైతే అబ్బాయి మందిరంలో ఎలా పాడతాడో చూసి మురిసిపోవడం ఒక్కటే చాలదు, పనిచేసే చోట తోటివాళ్ళతో ఎలా ఉంటాడో, అమ్మతో ఎలా మాట్లాడతాడో కనుక్కోవాలి. కువైట్ అయితే ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో చూసుకుని, వీసా ఏ పనికి ఇచ్చారో చదివించుకోకుండా పైసా కట్టొద్దు.

ఐదో అడుగు: ఇద్దరు ముగ్గురు పెద్దల్ని అడగండి

ఆలోచన చెప్పేవాళ్ళు బహుమంది ఉంటే ఉద్దేశాలు దృఢపడతాయని సామెతలు 15:22. అయితే ఎవరిని? మన మాటకు తలూపేవాళ్ళనే వెతుక్కుంటాం, అదొక జబ్బు. మిమ్మల్ని చిన్నప్పటి నుంచి ఎరిగినవాళ్ళు ఒకరు, ఆ పనిలో చేతులు కాల్చుకున్నవాళ్ళు ఒకరు, మీతో ఏ లాభం లేనివాళ్ళు ఒకరు ఉంటే చాలు. పెళ్ళయినవాళ్ళు భార్యను అడగకుండా పాస్టర్ గారి దగ్గరకు పరిగెత్తొద్దు. అప్పు తీర్చేటప్పుడు ముందు గొలుసు పోయేది ఆవిడదే.

పాస్టర్ గారి దగ్గరకు వెళ్ళండి, ప్రార్థన చేయించుకోండి, వాక్యం అడగండి. చెరువు సంగతి మాత్రం చెరువు చేసినవాళ్ళనే అడగండి. వందన సమర్పణ అయ్యాక చర్చి గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ అడిగితే ఎవరైనా "ప్రభువు నడిపిస్తాడు బ్రదర్" అనే అంటారు. ఇంటికి పోయి కూర్చుని, నోటుబుక్కు ముందుపెట్టి అడిగితే, ఏ పెద్దాయనో కళ్ళజోడు పైకి జరిపి, ఆ బాకీ అంకె మీద వేలు పెట్టి, "ఏందబ్బయా, ఇది పోతే చెల్లి పెళ్ళెట్టా చేస్తావా?" అంటాడు. ఆ ఒక్క ప్రశ్న కోసమే వెళ్ళాలి.

ఆరో అడుగు: సూచనలు, కలలు, ప్రవచనాలు వస్తే

వస్తాయి. రావని నేననను. పౌలుకు త్రోయలో దర్శనం వచ్చింది, మాసిదోనియ మనిషి రమ్మని పిలిచాడు. కానీ అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం జాగ్రత్తగా చదవండి. అంతకుముందు ఆసియ అనే రోమా ప్రాంతంలో వాక్యం చెప్పకుండా ఆత్మ ఆటంకపరిచాడు, బితూనియకు పోబోతే వెళ్ళనియ్యలేదు. పౌలు బృందం దర్శనం కోసం ఒకచోట కూర్చోలేదు, నడుస్తూనే ఉంది, మూసుకున్న దారి వదిలి ఇంకోటి చూసుకుంది. ఇంకో సంగతి: దర్శనం చూసింది ఒక్కడు, దేవుడు పిలిచాడని నిశ్చయించుకున్నది "మేము", అంటే అందరూ కలిసి. మీకు కల వస్తే తోటి విశ్వాసుల ముందు పెట్టండి, వాళ్ళతో కలిసి తూచండి.

"ప్రభువు నాతో మాట్లాడాడు, నువ్వు ఆ అమ్మాయినే చేసుకోవాలి" అని ఎవరైనా వచ్చి చెబితే? ప్రవచించడాన్ని నిర్లక్ష్యం చెయ్యొద్దు, సమస్తాన్ని పరీక్షించండి అని ఒకే చోట రెండూ ఉన్నాయి, 1 థెస్సలొనీకయులకు 5:20, 21. మొదటి రాజులు 13వ అధ్యాయంలో ఒక ముసలి ప్రవక్త, దేవదూత నాతో చెప్పాడని అబద్ధమాడి, దైవజనుణ్ణి దారి మళ్ళించాడు. తనకు దేవుడు నేరుగా చెప్పిన మాటను వదిలి ఇంకొకరి మాట పట్టుకున్న ఆ దైవజనుడు సింహం నోట పడ్డాడు. ప్రవచనం చెప్పినవాళ్ళు వెంటనే కానుక అడిగినా, ఇంట్లోవాళ్ళకు చెప్పొద్దన్నా, మందులు మానెయ్యమన్నా అక్కడితో ఆ మాటకు దణ్ణం పెట్టండి.

తలుపు తెరుచుకుంది కాబట్టి ప్రభువు చిత్తమే అనేది మనకు బాగా ఇష్టమైన లెక్క. దేవుడు పొమ్మన్న నీనెవెకు పోకుండా పారిపోతూ యోనా యొప్పేకు పోయేసరికి తర్షీషుకు వెళ్ళే ఓడ సిద్ధంగా ఉంది, చేతిలో కేవుకు, అంటే ఓడ చార్జీకి, డబ్బులూ ఉన్నాయి. తలుపు బార్లా తెరుచుకునే ఉంది. లోను తేలిగ్గా శాంక్షన్ అయిందంటే బ్యాంకు టార్గెట్ అయినా కావచ్చు. గిద్యోను గొర్రెబొచ్చు పరిచి, దాని మీదే మంచు పడాలని అడిగిన సూచన కూడా అంతే. అప్పటికే దేవుడు స్పష్టంగా చెప్పిన దానికి ధైర్యం చాలక అడిగిన సూచన అది, ఏ దారో తెలుసుకోవడానికి కాదు. చీట్లు వేసి తియ్యడం గురించి అడుగుతారు కాబట్టి చెబుతున్నాను: యూదా స్థానంలో మత్తీయను ఎంచుకున్నప్పుడు చీట్లు వేశారు, ఆ తర్వాత పెంతెకొస్తు రోజున పరిశుద్ధాత్మ దిగివచ్చాడు, ఇక అపొస్తలుల కార్యాల్లో విశ్వాసులు ఏ నిర్ణయానికీ చీటీ తీసినట్టు కనపడదు.

మనసులో సమాధానం, అంటే నెమ్మది, ఉంటే దేవుడి జవాబే అని కూడా అంటారు. సమాధానం మంచి గుర్తే, కానీ ఒంటరిగా దాన్ని నమ్మొద్దు. ఓడ అడుగున యోనా హాయిగా నిద్రపోయాడు. గెత్సేమనేలో ప్రభువు చెమట రక్తబిందువుల్లా కారింది. ఇద్దరిలో ఎవరు దేవుడి దారిలో ఉన్నారో మనకు తెలుసు.

ఏడో అడుగు: ఆగాల్సినచోట ఆగండి, ఆగకూడనిచోట కదలండి

ఇందుకు బయటి ఉదాహరణలు అక్కర్లేదు, ఒంగోలు కొండే ఉంది. 1854 జనవరి 1 తెల్లవారుజామున అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జెవెట్ దొరగారు, ఆయన భార్య, కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఆ కొండెక్కి ఒంగోలుకు సువార్త పనికి ఒక మనిషిని పంపమని ప్రార్థించారు. అంతకు ముందటి ఏడే నెల్లూరు మిషన్ మూసేద్దామా అని అమెరికాలో చర్చ నడిచింది. ఆ ప్రార్థనకు జవాబుగా మిషనరీ జాన్ క్లౌ దొరగారు ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. మధ్యలో పన్నెండేళ్ళు. ఆ పన్నెండేళ్ళూ జెవెట్ గారు కొండ మీదే కూర్చోలేదు, చేతిలో ఉన్న పని చేస్తూనే ఉన్నారు.

క్లౌ గారి సంగతి ఇంకా గట్టిది. 1876-78 కరువులో జనం ఆకలికి రాలిపోతుంటే ఆయన బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించారు. కుర్రతనంలో సర్వే పనిలో ఉన్నవాడు, ఆ చదువు ఇక్కడ అక్కరకొచ్చింది. ఆకలి తీర్చాలా వద్దా అని సూచన అడగలేదు. కానీ అదే కాలంలో బాప్తిస్మం అడిగినవాళ్ళను ఆపేశారు, కూలి కోసం, కూటి కోసం వస్తున్నారేమో తేలాలని. కరువు పనులు అయిపోయాక కూడా జనం రావడం మానలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఒకే మనిషి, ఒకే కరువు. ఒక నిర్ణయం అప్పటికప్పుడు తీసుకున్నారు, ఇంకోటి నెలల తరబడి ఆపారు. వాక్యం తేటగా చెప్పిన చోట ఆగలేదు, మనుషుల ఉద్దేశం తేలని చోట తొందరపడలేదు.

మీ విషయానికి ఒక తేదీ పెట్టుకోండి. ఆ తేదీ దాటితే, తెలిసినంతలో నిర్ణయం తీసుకుని అడుగేయండి. ఏళ్ళ తరబడి "ప్రార్థనలో ఉంది" అంటూ సంబంధాలు వెనక్కి పంపేవాళ్ళలో కొందరికి నిజానికి భయం. దానికి కూడా ప్రార్థన చెయ్యాలి, వేరే ప్రార్థన.

ఎనిమిదో అడుగు: నిర్ణయం తర్వాత

మన కుర్రాడు ఇదంతా చేసి, ముందు శ్రీసిటీ వెళ్ళి, చెల్లెలి పెళ్ళయ్యాక అప్పు లేకుండా రెండెకరాలతో చెరువు మొదలుపెట్టొచ్చు. లేదా అనుభవమున్న మనిషితో వాటా కలిసి ఇప్పుడే దిగొచ్చు. రెండూ విశ్వాసంతో తీసుకున్న నిర్ణయాలే కావచ్చు. "ప్రభువు చిత్తమైతే బ్రతికియుండి ఇది అది చేతుము" అని యాకోబు 4:15 నేర్పిన మాట అప్పుడు నోట్లో పెట్టుకోవాలి.

నష్టం వస్తే? నష్టం వచ్చింది కాబట్టి దేవుడు చెప్పలేదనుకోకండి. పౌలు దర్శనం చూసి వెళ్ళిన ఫిలిప్పీలోనే దెబ్బలు తిని చెరసాల్లో పడ్డాడు. నిజంగానే తప్పు నిర్ణయమని తేలితే, ఇచ్చిన మాట మాత్రం తప్పొద్దు. గిబియోనీయులకు చేసిన ప్రమాణాన్ని, మోసమని తెలిశాక కూడా ఇశ్రాయేలీయులు నిలబెట్టుకున్నారు. కౌలు డబ్బు, మేత బాకీ, కూలీల జీతం తీర్చి, ఆ తర్వాత బయటికి రండి.

గడువు రేపే అయితే

ఆఫర్ లెటర్ వచ్చింది, రేపు సాయంత్రంలోగా చెప్పమన్నారు. ఇన్ని అడుగులకు టైమ్ ఎక్కడిది? ముందు రెండు రోజులు గడువు అడగండి, చాలా కంపెనీలు ఇస్తాయి, అడగనివాళ్ళే ఎక్కువ. ఇవ్వకపోతే రాజు ముందు నెహెమ్యా చేసినట్టు నిలబడినచోటే చిన్న ప్రార్థన చేసుకోండి. మొదటి అడుగు చూడండి: ఇందులో వాక్యం కాదన్నది ఏమైనా ఉందా? నాలుగోది: ఒప్పందంలో బాండు ఎన్నేళ్ళు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి? ఐదోది: ఇంట్లో ఒకరికి, బయట ఒకరికి ఫోన్ చెయ్యండి. ఈ మూడూ ఒక సాయంత్రంలో అయిపోతాయి. సంతకం పెట్టేవాళ్ళు ఆ బాండు కాగితం ఫోటో తీసి ఇంట్లోవాళ్ళకు పంపి, చదివించుకున్నాకే పెట్టండి. డబ్బు కట్టి ఇప్పుడే ఓకే చెయ్యకపోతే అవకాశం పోతుందని ఎవరైనా తొందరపెడితే, దాన్ని పోనివ్వండి.